సీసాలో సర్దిన సముద్రం

గడియారాలు బాగుచేసే ఆ మనిషికి చెయ్యి ఊరికే ఉండదు. ఎవరింట్లో గోడ గడియారం కాస్త వెనకబడినా అడక్కుండానే కుర్చీ ఎక్కి సరిచేసి దిగుతాడు. అలాంటివాడు ముందుగదిలో పగడాల తొట్టె పెట్టాడు. ఉప్పునీళ్ళు, రాళ్ళు, పైన నీలం దీపం, నాలుగు బతికున్న పగడాలు. ఇక ప్రాణమంతా ఒక ఆల్చిప్ప మీద పడింది.

అది చేపల షాపులో ఉంది. నోరు తెరిచిందంటే అంచుల వెంట నెమలికంఠం రంగు. అలాంటిది మరొకటి లేదు. ఇంట్లో ఇలాంటి తొట్టే ఉన్న పళ్ళ డాక్టరు కూడా దానిమీద కన్నేశాడు. అందరూ బాబాయి అని పిలిచే షాపాయన మాత్రం ఇద్దరికీ ఒకే మాట చెప్పాడు.

"కుదురుకోని తొట్టెలో వేస్తే చిప్ప చస్తుంది. నీళ్ళు పట్టుకురండి, పరీక్ష చేస్తా. ఎవరి నీళ్ళు ముందు నిలకడకొస్తే చిప్ప వాళ్ళది."

అప్పటినుంచి మనవాడికి కాలు నిలవలేదు. పొద్దున పరీక్షచేసి చూస్తే నీళ్ళలో పగడాలకి కావలసిన సున్నం తక్కువ. సున్నం మందు చుక్కలు వేసేవాడు. సాయంత్రం చూస్తే ఎక్కువ. నీళ్ళు తోడి కొత్తవి పోసేవాడు. పగడాలు బిక్కచచ్చి ముడుచుకున్నాయి.

"మీ అడుగుల చప్పుడుకే హడలిపోతున్నాయండీ అవి," అంది భార్య.

"ముల్లు తప్పుతోందే!"

"తిప్పుతోంది మీరే."

ఒకరోజు మొగుడూ పెళ్ళాం తొట్టె నీళ్ళ సీసాతో షాపుకెళ్ళారు. బాబాయి పరీక్షించి కళ్ళజోడు పైకి నెట్టాడు. "అబ్బాయ్, వంక పెట్టడానికి లేదు!" అని చొక్కా చెయ్యి మడిచి, చిప్ప కోసం నీళ్ళలోకి చెయ్యి దించాడు.

"బాగుండవా మరి బాబాయిగారూ," అంది భార్య మురిసిపోతూ. "బయల్దేరేముందు సీసాలో చుక్కేసి, గిలక్కొట్టి, చూసి, మళ్ళీ చుక్కేసి... ఎంత తిప్పలు పడ్డారని!"

బాబాయి చెయ్యి అక్కడే ఆగింది. "సీసాలోనా?"

"ఇచ్చేముందు సరిచెయ్యకుండా ఎలా ఇస్తాను బాబాయ్?" అన్నాడు మనవాడు. అందులో తప్పేమిటో అతనికి నిజంగానే తెలియలేదు. టైము పెట్టకుండా ఏ గడియారమూ అతని కొట్టు గడప దాటలేదు.

"అయితే చిప్పని ఆ సీసాలోనే కాపురం పెట్టించు నాయనా!" బాబాయి చెయ్యి తుడుచుకున్నాడు. "ఇకమీదట తొట్టె అమ్మాయిది. నువ్వు వేలు పెట్టావని తెలిస్తే చిప్ప డాక్టరుకే."

భార్య మందు సీసాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. అతను చేతులు చంకల్లో పెట్టుకుని తొట్టె ముందు కూర్చునేవాడు. ఆగలేక పక్కింటి కుట్టుమిషను విప్పాడు. ఎదురింటి గొళ్ళెం సరిచేశాడు. వీధిలో కిర్రుమనే వస్తువు మిగల్లేదు.

కొన్ని వారాలకి రాళ్ళమీద గులాబీరంగు మచ్చలు లేచాయి.

"చూశావా, పాడైపోయింది!" అంటూ బ్రష్షు అందుకున్నాడు. ఆమె లాగేసుకుని, వారం వారం తీసుకెళ్ళేట్టే నీళ్ళు తీసుకుని షాపుకి నడిచింది. అతను వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు.

"సున్నం తగ్గింది," అన్నాడు బాబాయి.

మనవాడు గుమ్మం దాటి లోపలికొచ్చేశాడు. "ఎంత చెప్పినా వినలేదు బాబాయ్..."

"నోర్ముయ్యి. వారం వారం ఒకేలా తగ్గుతోంది. రాళ్ళకి గులాబీ పూత పట్టిందా అమ్మాయ్?"

"పట్టింది. ఈయన గీకేయబోయారు."

"గీకుతాడు, ఎందుకు గీకడు! ఆ నాచు పూతే సున్నం తింటోంది. అది బతికిందంటే చిప్పా బతుకుతుంది. తిన్నంత మేరకే రోజూ కొంచెం మందు పోస్తే చాలు." చిప్పని నీళ్ళసంచిలో వేసి ఆమె చేతిలో పెట్టాడు.

ఇంట్లో ఆమె దాన్ని దీపం కింద రాతిమీద కూర్చోబెట్టింది. అది గట్టిగా మూసుకుంది.

"కాస్త ఎడమకి తిప్పితే..."

"ఏవండీ!"

అతను చేతులు కట్టుకుని చూస్తూండగా చిప్ప సన్నగా తెరుచుకుంది. ఆత్రంగా వంగాడు. నీడ పడగానే టక్కున మూసుకుంది. ఒక అడుగు వెనక్కి వేశాడు, కొంచెం తెరిచింది. ఇంకొకటి వేశాడు. చివరికి వంటింటి గుమ్మంలోకి చేరితేగానీ ఆ నీలం పూర్తిగా విచ్చుకోలేదు.

"అక్కణ్ణించి కనబడుతోందా?" అంది భార్య.

"బ్రహ్మాండంగా," అన్నాడు, ఊపిరి గట్టిగా వదలకుండా.