ఎర్రగీత బోర్డు మొర

నేను ఒక రేకు బోర్డును. అల్లాటప్పా బోర్డును కాను, సర్కారువారి బోర్డును. నా మాట జవదాటినవాడు మా చేపల రేవులో ఒక్కడంటే ఒక్కడు లేడు.

నా ఒంట్లో సగం జాగా పెద్దల నవ్వు ముఖాలకే పోయింది. మిగిలిన సగంలో ఎర్రగీత ఉన్న మాత్రల అట్ట బొమ్మ, ఇంతెత్తున. దాని కింద చీమల బారులా అక్షరాలు: 'ఈ గీత ఉన్న మందు డాక్టరు చీటీ లేనిదే వాడరాదు.' మందుల ఇన్‌స్పెక్టరుగారు నన్ను గవరయ్య మందుల కొట్టుకు తగిలించి, నా పక్కన నిలబడి ఫొటో దిగారు. "వస్తూ పోతూ ఉంటాను" అన్నారు. పోవడమైతే పోయారు.

మర్నాడే చేపలమ్మే పోలమ్మ వచ్చింది. చదువు రాదు గాని చూపు డేగ చూపు.

"గవరయ్యా, బోర్డు మీద గవర్నమెంటోలు బొమ్మేసినారే, ఆ ఎర్రగీత మందియ్యి. రెండు సాలు."

"సీటీ ఉందేటప్పా?"

"సీటీ ఏటి, నానేటి సినిమాకొచ్చినానా? ఇయ్యెహె!"

గవరయ్య నా వంక చూశాడు, గల్లాపెట్టె వంక చూశాడు, ఇచ్చేశాడు. అది మొదలు రేవంతా నన్నే వేలెత్తి చూపేది. జలుబుకు ఎర్రగీత, ఒళ్లునొప్పులకు ఎర్రగీత. వద్దని చెప్పడానికి పుట్టిన నేను దగ్గరుండి అమ్మిపెట్టాను. నా మాట జవదాటలేదన్నాను కదూ? చదివితే కదా, జవదాటడానికి!

ఒకనాడు పోలమ్మ కుడి చూపుడువేలికి జెల్ల చేప ముల్లు దిగింది. అలవాటుగా రెండు మింగింది. తగ్గలేదు. ఇంకో రెండు. చెయ్యి మోచేతిదాకా పొంగింది. కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. పట్నం ఆస్పత్రిలో డాక్టరమ్మ, "అరకొరగా మింగి మింగి క్రిములను మందుకు అలవాటు చేశావమ్మా, ఇప్పుడు ఏదీ పనిచేయడం లేదు" అంది. చెయ్యి దక్కించడానికి వేలు తీసేశారు.

తిరిగొచ్చి కొట్టు ముందు నిలబడింది.

"మంచిదనే కదా బొమ్మేసినారనుకున్నాను గవరయ్యా. సదువుకున్నోడివి, నువ్వైనా సెప్పలేదేటి?"

గవరయ్య గల్లాపెట్టె సర్దుకున్నాడు. మరి నేను? చెబుతూనే ఉన్నాను, ఆమెకు రాని అక్షరాల్లో. ఆమె నమ్మింది నన్ను. నేను నమ్మింది నన్ను రాయించినవాళ్లను. ఇద్దరం ఒకే గంగలో మునిగాం.

గవరయ్య నన్ను పీకి అవతల పారేస్తే, పోలమ్మే ఏరుకుపోయింది. ఇప్పుడు నేను ఆమె చేపల తట్టకు మూతను. బేరానికొచ్చిన ఆడవాళ్లకు నా బొమ్మ చూపించి, నాలుగు వేళ్ల చెయ్యి ఆడించి, "ఇది ఊరికే మింగకండే అమ్మా" అని చెబుతూ ఉంటుంది.

ఆ చివరి మాట నేను కల్పించాను. ముసలి రేకును, ఆ మాత్రం ఆశ ఉండదా? నిజానికి ఆమె ఎవరికీ ఏమీ చెప్పదు. ఆ బొమ్మ కంటపడకుండా నన్ను బోర్లా మూస్తుంది. నా అక్షరాలు ఇక చేపలే చదువుకోవాలి.