పొగ ఎవరి వైపు

ఎండలు ముదిరి సాయంత్రాలు పెరట్లో హాయిగా కూర్చునే రోజులొస్తే చాలు, బొగ్గులక్కకి ఊపిరి సలపదు. పొద్దున్నే స్కూటర్ వెనక పెట్టె తెరిచి సామాను చూసుకుంటుంది. ఇత్తడి బ్రష్షులు, స్పానర్లు, రెండు మూడు రకాల రెగ్యులేటర్లు, గొట్టాల్లోకి దూర్చడానికి సన్నటి తీగ. మిగతావన్నీ మర్చిపోయినా తీగ మాత్రం మర్చిపోదు. చలికాలమంతా గ్యాస్ గ్రిల్ మీద గుడ్డ కప్పి ఓ మూల పడేస్తారు కదా, ఆ గొట్టాల్లో సాలీళ్ళు కాపరం పెడతాయి. జనానికి ఆ సంగతి పట్టదు. మంట నీలంగా రావట్లేదని, సిలిండరే దొంగదని షాపువాణ్ణి తిట్టుకుంటూ కూర్చుంటారు. ఆవిడ వెళ్ళి తీగతో రెండు పోట్లు పొడిచి, గూడు లాగి చూపించి, ఇదిగో మీ దొంగ అంటుంది.

ఆ వీధుల్లో పెరడున్న ప్రతి ఇంట్లోనూ గ్రిల్ ఉంది. సెలవురోజు సాయంత్రమైతే చాలు, మాంసమో, చేపలో, ఏమీ లేకపోతే మొక్కజొన్న పొత్తులో దాని మీదకెక్కుతాయి. ఒకప్పుడు అన్నీ బొగ్గులవే. వాటిని బాగుచేసేది కాబట్టి ఆవిడకా పేరొచ్చింది. ఇప్పుడు బొగ్గులవి తీసేసి గ్యాస్‌వి పెట్టడమే ఎక్కువ పని. పేరు మాత్రం మసిలాగా అంటుకుని వదల్లేదు.

ఎందుకు మార్పిస్తారంటే, కారణం అందరికీ తెలిసిందే. బొగ్గుల గ్రిల్ పొగ గాలి మాట వినదు. ఆ ఇంట్లోంచి ఎవరు వెళ్ళిపోబోతున్నారో వాళ్ళ వైపు వంగుతుంది. ఒకసారికి ఒక్కరి వైపే. కుర్చీ ఎటు జరుపుకున్నా వెనకే వస్తుంది. వెళ్ళడమంటే ఉద్యోగానికి కావచ్చు, అత్తారింటికి కావచ్చు, మళ్ళీ రాని చోటికి కావచ్చు. ఎక్కడికో పొగ చెప్పదు. కొద్దిరోజుల్లో ఆ మనిషి గుమ్మం దాటడం మాత్రం ఖాయం. గ్యాస్‌కి ఆ పొగ లేదు. కొవ్వు కారినప్పుడు లేచే పొగ ఉంటుంది గానీ, దానికి ఎవరితోనూ పనిలేదు, దానిష్టం వచ్చినట్టు పోతుంది. బొగ్గు పొగ లేని ఇంట్లోంచి ఎవరూ వెళ్ళరు. రైలు తప్పిపోతుంది. సంబంధం మాటల దగ్గరే ఆగుతుంది. జ్వరం పెరగదు, తగ్గదు. అందుకే ఎవరినైనా వదులుకోలేనివాళ్ళు బొగ్గులక్కకి ఫోన్ చేస్తారు.

"అక్కా, మా ఆయనకి బదిలీ అంటున్నారు. ఈ వారంలోపు గ్యాస్ పెట్టేయాలి."

"ఆయన్ని అడిగారా?"

"ఆయన్ని అడిగేదేంటక్కా, మీరు రండి."

ఆవిడ వెళ్ళి పెట్టేసి వచ్చేది. నట్లు బిగించేదాన్ని, వాళ్ళ సంసారాల గొడవ నాకెందుకు అనేది. నిజం చెప్పాలంటే, అడిగే మొహం ఆవిడకి లేదు. ఆవిడ పెరట్లో మాత్రం ఏముంది కనక?

ఆవిడ మొగుడు ఒక ఆఫీసులో గుమాస్తా. పెద్ద ఊరికి బదిలీ కోసం కళ్ళు కాయలు కాసేలా చూశాడు. ఒక ఆదివారం పొగ ఆయన వైపు తిరిగింది. ఇంకేముంది, పక్కింటివాళ్ళు కూడా గోడ మీంచి తొంగిచూసి వెక్కిరించారు. అక్కడికెళ్ళాక మమ్మల్ని గుర్తుపడతారా సార్ అన్నారు. ఆయన పొగకి కళ్ళు మండుతుంటే తుడుచుకుంటూ నవ్వాడు. కొత్త చొక్కాలు కుట్టించుకున్నాడు. ఆ శుక్రవారం ఆఫీసుకి వెళ్తూ బస్సు కోసం నిలబడినవాడు నిలబడినట్టే కూలిపోయాడు. నేనూ నవ్వాను కదా ఆ రోజు, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాను కదా అని బొగ్గులక్క చాలాకాలం తనని తాను తిట్టుకుంది.

మిగిలింది కూతురు. తల్లి వెనకే తిరిగి స్పానర్ పట్టడం నేర్చుకున్న పిల్ల. ఏ నట్టు ఎంత బిగించాలో చేతికే తెలుసు. ఇంజన్ల చదువు చదివింది. ఓడ మీద ఇంజన్ గదిలో పని దొరికింది. ఆ పిల్ల ఎగిరి గంతెయ్యలేదు, అలాంటి మనిషి కాదు. కానీ ఆ రోజంతా ఇంట్లో ఏ తలుపు వేసినా మెల్లగా వేసింది, తెలియకుండానే.

ఆ ఆదివారమే పొగ కూతురి వైపు వంగింది. బొగ్గులక్క చేతిలో పళ్ళెం పక్కన పెట్టేసింది. పొగలోంచి పిల్ల మొహం సరిగా కనబడలేదు. మూత దించి, గాలి వచ్చే రంధ్రాలన్నీ మూసి, బొగ్గులు చచ్చేదాకా అక్కడే నిలబడింది. మర్నాడు పొద్దున షాపు తెరవకముందే వెళ్ళి, తలుపు కొట్టి మరీ గ్యాస్ గ్రిల్ తెచ్చుకుంది.

"అమ్మా, అది ఉద్యోగమే. ఓడ వచ్చే నెల బయల్దేరుతోంది, నీకు తెలుసు కదా."

"మీ నాన్నదీ బదిలీయే అనుకున్నాం."

"అందరికీ అలాగే అవుతుందా?"

"నాకున్నది నువ్వొక్కదానివే అమ్మడూ. అవుతుందో లేదో చూసే ఓపిక నాకు లేదు."

"నన్ను కట్టేస్తున్నావమ్మా."

"కట్టేస్తే కట్టేశాననుకో. తిట్టుకో. నా కళ్ళముందుండి తిట్టుకో."

ఓడ మరమ్మతుకి వెళ్ళింది. తర్వాత ఓడ బాగైంది గానీ కంపెనీవాళ్ళు ఆగమన్నారు. తర్వాత ఇంకో ఓడ అన్నారు. ఇదిగో అదిగో అంటూ ఏళ్ళు గడిచాయి. మీ పేరు మా దగ్గరుంది, మీరు ఎప్పుడొస్తే అప్పుడే అని వాళ్ళు మర్యాదగానే చెబుతారు. ఈ పిల్ల బయల్దేరిన రోజునే వంతెన కూలుతుంది, లేకపోతే చెప్పులు తెగి బస్సు పోతుంది. తనతో చదివినవాళ్ళు ఎక్కడెక్కడి రేవుల్లోంచో ఫోటోలు పంపిస్తే చూసి ఫోన్ బోర్లా పెట్టేసేది. తల్లితో పాటు స్కూటర్ ఎక్కి ఊళ్ళోవాళ్ళ గ్రిల్లుల జిడ్డు గీకేది. పనిలో వంక పెట్టడానికి లేదు. మాట మాత్రం కొలిచి మాట్లాడేది. తిన్నావా అంటే తిన్నాను. వస్తావా అంటే వస్తాను. ఒకే ఇంట్లో ఉండి ఒకళ్ళ మీద ఒకళ్ళకి బెంగ పట్టుకుందంటే నమ్ముతారా? వాళ్ళకి పట్టుకుంది.

ఈలోపు బొగ్గులక్కకి దగ్గొకటి మొదలైంది. బూడిద మింగి మింగి వచ్చిన దగ్గు. పడుకుంటే ఎక్కువ, కూర్చుంటే పక్కటెముకల్లో పోటు. డాక్టరు ఎక్స్‌రే తీయించి చూసి, ఈ ఊపిరితిత్తులతో ఎలా నెట్టుకొస్తున్నారమ్మా అన్నాడు. మందులు వేసుకుంటున్నానుగా అందావిడ. మందుల వల్ల కాదని ఆయనకీ తెలుసు, కూతురికీ తెలుసు. ఆవిడొక్కతే అటువైపు ఆలోచన పోనివ్వలేదు.

ఈ ఏడాది ఎండలు మొదలవగానే దర్జీగారింట్లోంచి ఫోన్ వచ్చింది. ముసలి దర్జీగారు మంచం పట్టినప్పుడు వాళ్ళ పెరట్లో గ్యాస్ పెట్టింది బొగ్గులక్కే. ఫోన్ చేసింది కోడలు.

"మావయ్యగారే అడుగుతున్నారక్కా. మళ్ళీ బొగ్గులది పెట్టించమని. వద్దంటే అన్నం ముట్టట్లేదు."

ఆ రోజు కూతురు వేరే ఇంటి పనిలో ఉంది. బొగ్గులక్క ఒక్కతే వెళ్ళింది. పెరటి కిటికీ పక్కనే ముసలాయన మంచం. బట్టలు కొలిచిన చేతులు, ఇప్పుడు దుప్పటి అంచు పట్టుకుని కొలుస్తున్నాయి.

"నువ్వు పెట్టిందే కదమ్మా ఈ గ్యాస్."

"నట్లు బిగించానంతే బాబాయ్. పెట్టమన్నది మీవాళ్ళు."

"నిన్నేమీ అనట్లేదులే. కడుపు నిండినవాడి నోట్లో ఇంకో ముద్ద కుక్కుతూనే ఉన్నారు, అలా ఉంది నా బతుకు." ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నా సంగతి పోనీ. మా మనవరాలుంది చూశావా. పెళ్ళి కుదరడం, చెడిపోవడం, కుదరడం, చెడిపోవడం. మనవడు ఎక్కడికో చదువుకి పోదామని పెట్టె సర్దుతాడు, విప్పుతాడు. నన్నాపడానికి పెట్టారమ్మా ఇది. నాతోపాటు ఇల్లంతా ఆగిపోయింది."

వంటింటి గుమ్మంలో కోడలు కొంగుతో మొహం కప్పుకుంది. బొగ్గులక్క పెరట్లోకి వెళ్ళి పాత గ్రిల్ బిగించి, బొగ్గులు రాజేసింది. పొగ లేచి కొంచెంసేపు తచ్చాడి, కిటికీలోంచి నేరుగా మంచం దగ్గరికి వెళ్ళింది. ముసలాయన హమ్మయ్య అన్నాడు. దాహానికి నీళ్ళు తాగినవాడు అంటాడే, అలాగ. ఇంట్లో ఒక్కొక్కరే వచ్చి మంచం చుట్టూ కూర్చున్నారు. ఆవిడ సామాను సర్దుకుని చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చేసింది.

దారిలో స్కూటర్ ఆపి, ఒక గోడ పక్కన నిలబడి చాలాసేపు దగ్గింది. దగ్గు ఆగాక కూడా కదల్లేదు. నా కూతుర్ని బతికించుకున్నాననుకున్నాను, ఇన్నాళ్ళూ ఉప్పులో ఊరబెట్టాను అనుకుంది. ఏడుపొచ్చింది, ఏడ్చింది.

మర్నాడు పని పెట్టుకోలేదు. పెరట్లో గ్యాస్ గ్రిల్ విప్పి పక్కన పెట్టి, గోదాంలో మూలనున్న పాత బొగ్గుల గ్రిల్‌ని లాక్కొచ్చింది. ఆ చప్పుడుకి కూతురు బయటికొచ్చింది.

"ఎవరిదమ్మా అది?"

"మనదే. బ్రష్ పట్రా."

కూతురు తల్లి మొహంలోకి చూసింది. వెళ్ళి బ్రష్షులు, బకెట్టు, వేడినీళ్ళు తెచ్చింది. ఇద్దరూ చెరోవైపు కూర్చున్నారు. అడుగున బూడిదపళ్ళెం తుప్పుపట్టి జల్లెడైపోయింది, అది కొత్తది వేశారు. గాలి రంధ్రాలు తెరిచే మీట బిగుసుకుపోయింది, నూనె పోసి తట్టి తట్టి కదిపారు. ఊచల మీద పేరుకున్న మసి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. మూత వేస్తే పక్కల్నుంచి పొగ కారకుండా అంచుకి వేడిని తట్టుకునే నాడా అంటించింది కూతురు. ఇది పాతదానికి ఉండేది కాదుగా అంది తల్లి. ఇప్పుడు అన్నిటికీ వేస్తున్నారమ్మా, బొగ్గు ఆదా అంది కూతురు. అంత పొడుగు మాట ఆ పిల్ల నోట్లోంచి విని ఎన్నాళ్ళైందో. బొగ్గులక్కకి కడుపు నిండినట్టైంది.

"కంపెనీవాళ్ళకి ఫోన్ చేశావా?"

"ఇందాక బ్రష్షులు తేవడానికి వెళ్ళినప్పుడే చేశాను. ఎల్లుండి వస్తే ఎక్కించుకుంటామన్నారు."

"నేనింకా చెప్పనేలేదుగా."

"నువ్వు మనదే అన్నప్పుడే అర్థమైంది."

"భయంగానే ఉందే. నీ వైపు పొగొస్తే నేను చూడలేను. అయినా సరే, వెలిగిద్దాం."

"నాకూ భయంగానే ఉందమ్మా," అంది కూతురు. "అయినా వెళ్తాను."

ఇంకా ఎండ ఉండగానే బొగ్గులు వెలిగించారు. కూతురు తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి గ్రిల్‌కి ఎదురుగా నిలబడింది. తల్లి గుమ్మం మెట్టు మీద కూర్చుంది. బొగ్గులు చిటపటలాడి అంచులు తెల్లబడ్డాయి. పొగ లేచింది. ముందు నిటారుగా లేచింది. కూతురు కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టింది.

పొగ ఆ పిల్ల భుజం పక్కనుంచి, ముట్టుకోకుండా, మెట్టు మీదికి వెళ్ళింది.

బొగ్గులక్క లేచి, పట్టకారు ఎక్కడ పెట్టానబ్బా అంటూ అటుపక్కకి నడిచింది. పొగ అటు తిరిగింది. ఆవిడ గోడ దాకా వెళ్ళింది. పొగా గోడ దాకా వచ్చింది.

"గాలి తిరిగినట్టుందే," అంది.

"గాలి లేదమ్మా."

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. గ్యాస్ పెట్టి ఆవిడ ఆపింది కూతుర్ని మాత్రమే కాదు. ఈ దగ్గుతో, ఈ పోటుతో, తను ఎప్పుడో దాటాల్సిన గుమ్మం అది. ఇప్పుడు కాళ్ళు తేలికపడ్డాయి. ముసలి దర్జీగారు ఎందుకలా అన్నాడో తెలిసింది. భయమైతే వెయ్యలేదు.

"మంచిదేలే," అంది మెల్లగా. "ముందు నా వంతు. తర్వాత నీ వైపు తిరుగుతుంది. నువ్వలా పక్కకి జరుగు, బాగా మండనీ."

కూతురు జరగలేదు. పొగలో తల్లి మొహం సగమే కనబడుతోంది. ఆ పిల్ల రెండడుగులు వేసి మూత దించింది. పైన రంధ్రం మూసింది. వంగి కింద మీట పూర్తిగా అటువైపు తోసింది. కొత్త నాడా అతుక్కుని పొగ ఒక్క పోగు కూడా బయటికి రాలేదు.

"తియ్యవే అమ్మడూ. ఎల్లుండి ఓడ."

"పోనీ."

"నిన్ను కట్టేశానని ఇన్నేళ్ళూ నాతో సరిగా మాట్లాడలేదు నువ్వు."

"ఇప్పుడూ మాట్లాడను."

"నాకు నొప్పిగా ఉందే. నిజంగా నొప్పిగా ఉంది."

"తెలుసమ్మా," అంది కూతురు. మూత కాలుతున్నా చెయ్యి తియ్యలేదు. బొగ్గులు చచ్చేదాకా అలాగే నిలబడింది. తల్లి లేచి వచ్చి ఆ చెయ్యి పక్కకి తీయబోయింది, బలం చాల్లేదు.

మర్నాడు పొద్దున్న చేతికి గుడ్డ చుట్టుకుని, కూతురు పెరట్లో గ్యాస్ గ్రిల్ మళ్ళీ బిగించింది. గొట్టం అతుకు మీద సబ్బునీళ్ళు పోసి బుడగలొస్తున్నాయేమో చూసింది. ఒక్కటీ రాలేదు. లోపల అమ్మ దగ్గుతోంది. విని, స్పానర్ తీసుకుని ఇంకొంచెం బిగించింది.