అన్న చేతి మీదుగా వచ్చిన పెట్టె

నాకు ముక్కు మీద కోపమని మా పరీక్షల గదిలో అందరూ అంటారు. నిజమే. గోడ కరెంటును కంప్యూటర్‌కు సరిపడా పన్నెండు వోల్టులకూ ఐదు వోల్టులకూ దించే ఆ ఇనుప పెట్టెను, అంటే ఎస్‌ఎంపీఎస్‌ను, పదహారేళ్లుగా పరీక్షిస్తున్నవాడికి శాంతం ఎక్కడినుంచి వస్తుంది? పైన ఐదు వందల వాట్లని రాస్తారు, మూడు వందలు దాటితే పొగ కక్కుతుంది. వినియోగదారుల పత్రికలో నా నివేదిక పడితే, కింద సంతకం చూసి జనం కళ్ళు మూసుకుని కొనేవారు. నేను సంపాదించుకున్నది ఆ నమ్మకం ఒక్కటే.

దాన్ని కాపాడుకోవడానికి ఒక నియమం పెట్టుకున్నాను. కంపెనీ పంపిన పెట్టెను ముట్టను. వాళ్లు పంపేది ఎలాగూ ఏరికోరి ముస్తాబు చేసిందే. నేనే బజారుకు వెళ్ళి, ఏదో ఒక దుకాణంలో మామూలు మనిషిలా అడిగి కొంటాను.

అన్నయ్య సొంత పేరుతో ఎస్‌ఎంపీఎస్‌లు తయారు చేయించడం మొదలుపెట్టాక, ఒకటి చంకలో పెట్టుకుని మా గదికి వచ్చాడు.

“ఇంకా బజారుకి రాలేదురా. వచ్చేదాకా ఆగితే మీ సంచిక దాటిపోతుంది. ఇదొక్కటి చూసిపెట్టు.”

“నేనలా తీసుకోనని నీకు తెలుసు కదా.”

“పరాయివాళ్ళ దగ్గర తీసుకోకు. నేను పరాయివాణ్ణా?”

ఆ ఒక్క మాటకు పడిపోయాను. పెట్టెను, దాని మీద కావలసినంత కరెంటు భారం మోపే లోడ్ మిషన్‌కు తగిలించాను. సగం భారం, ముప్పావు, తర్వాత పూర్తి భారం మీద మూడు గంటలు. పన్నెండు వోల్టుల తీగ పన్నెండు దగ్గరే నిలబడింది. కావాలని షార్ట్ చేస్తే టక్కున ఆగిపోయింది. మూత విప్పి చూస్తే లోపల అన్నీ ఉన్నాయి, వోల్టేజి హద్దు దాటగానే మొత్తం ఆపేసే చిన్న రక్షణ చిప్పుతో సహా. మావాడు ఇంత శుభ్రంగా చేయించాడని ఇంట్లో మురిసిపోతూ చెప్పాను. మా నివేదిక ఫారంలో ‘దుకాణంలో కొన్నది’ అన్న వాక్యం ముందే అచ్చయి ఉంటుంది. దాన్ని కొట్టెయ్యలేదు. మర్చిపోయానని చెప్పుకోవచ్చు. మర్చిపోలేదు.

ఏడు నెలలకు చెల్లి ఫోన్ చేసింది. ఇంట్లోనే కూర్చుని ఇంజనీర్లకు ఇళ్ల ప్లాన్లు గీసి ఇస్తుంది.

“చిన్నన్నయ్యా, టప్ మని శబ్దం వచ్చింది. కాలిన వాసన వస్తోంది. కంప్యూటర్ లేవట్లేదు.”

వెళ్ళి విప్పితే లోపల అన్నయ్య పెట్టె. అది వచ్చిన అట్టపెట్టెను చెల్లి పారెయ్యలేదు. దాని మీద నా సంతకం. అచ్చు వేసుకుంటానని అన్నయ్య అడిగితే నేనే ఒప్పుకున్నాను. ఒక డిస్కు పోతే ఇంకొకటి ఉంటుందని పిచ్చితల్లి తన పనంతా రెండిట్లో దాచుకునేది, రెండూ ఒకే డబ్బాలో. రెండూ మాడిపోయాయి. తొమ్మిదేళ్ల పని బూడిదలో పోసినట్టయింది.

ఎస్‌ఎంపీఎస్‌ను చేతిలోకి తీసుకున్నాను. నేను పరీక్షించినదానికంటే తేలిగ్గా ఉంది. రక్షణ చిప్పు ఉండాల్సిన చోట బోర్డు మీద దాని గుర్తు మాత్రమే ఉంది. ఊడిపోలేదు, అసలు అతికించనేలేదు.

ఆ బోర్డు తీసుకెళ్ళి అన్నయ్య టేబుల్ మీద పెట్టాను. కనీసం నీళ్లు నమలనైనా లేదు.

“మొదటి విడతలో వేశాం. తర్వాత ఆపేశాం. అందరూ చేసేదే.”

“చెల్లి డిస్కులు రెండూ పోయాయి.”

“కొత్త కంప్యూటర్ పంపిస్తానన్నాను, వద్దంది. ఏం చెయ్యమంటావు? అయినా నువ్వు చూసింది బానే ఉంది కదరా. నువ్వేం అబద్ధం రాయలేదుగా.”

రాశాను. ఆ సంగతి అతనికి తెలియదు. తిట్టడానికి వెళ్ళినవాణ్ణి, బోర్డు తీసుకుని వచ్చేశాను.

మర్నాడు పత్రికకు ఉత్తరం పంపాను. ఆ పెట్టె మా అన్న చేతి మీదుగా వచ్చిందని, కొన్నానని నేను అబద్ధమాడానని, నివేదికను వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. చివరి పేజీలో అగ్గిపెట్టెంత చోటిచ్చి వేశారు. ఇక పరీక్షలకు రావద్దన్నారు. అన్నయ్య మాటలు మానేశాడు. అతని అట్టపెట్టెల మీద ఇప్పుడు ఇంకెవరిదో సంతకం ఉంది, అమ్మకాలు మాత్రం ఆగలేదు.

అవన్నీ దిగమింగాను. పత్రికా, మీటరూ సంచిలో వేసుకుని చెల్లి ఇంటికి వెళ్ళాను. తనే కొనుక్కున్న కొత్త కంప్యూటర్ ముందు కూర్చుని, పోయిన ప్లాన్లలో ఒకదాన్ని నలిగిన కాగితం నకలు చూసి మొదటినుంచి గీస్తోంది. నా ఉత్తరం చదివింది. పత్రిక మడిచి పక్కన పెట్టింది. కోప్పడుతుందేమోనని చూశాను. మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

“ఇందులో ఏ ఎస్‌ఎంపీఎస్ వేయించావు? ఒకసారి విప్పి చూస్తాను,” అన్నాను.

“వద్దులే అన్నయ్యా. వేరే ఆయనకి చూపించాను.”

“ఆయనకేం తెలుసు? రెండు నిమిషాల పని.”

ఆమె మౌస్ మీది చెయ్యి తీసి నావైపు తిరిగింది.

“నువ్వు బాగుందంటే నేను మళ్ళీ నమ్మేస్తాను. అందుకే వద్దంటున్నా.”

పని పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. చెల్లి చూడకూడదని, సంచి జిప్పు పట్టుకుని చాలాసేపు లాగుతూ కూర్చున్నాను.