బాగైపోయిన మైకు

హిందూపురంలో నాది ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసే అంగడి. వీడియో కాల్‌లో బొమ్మ రాలేదన్నా, మాట వినపడలేదన్నా ఈ యూసుఫ్‌నే పిలుస్తారు. పదింట ఎనిమిది చోట్ల జబ్బు కంప్యూటర్‌కు ఉండదు, దాని ముందు కూర్చున్న మనిషికే ఉంటుంది. ఆ మాట మొహం మీదే అంటే గిరాకీ పోతుంది కాబట్టి, స్క్రూడ్రైవర్ తీసి రెండు నిమిషాలు గంభీరంగా తిప్పుతాను.

ఆ సోమవారం చిలమత్తూరు దారిలోని ఒక పంచాయతీ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ఊరి పేరు చెప్పను, అక్కడ నాకింకా పని కావాలి. ప్రతి సోమవారం పదకొండింటికి జిల్లా పెద్దసారు కార్యదర్శులందరితో వీడియో కాల్ పెడతాడు. అర్జీ ఉన్నవాళ్లు కూడా కెమెరా ముందుకొచ్చి చెప్పుకోవచ్చు. ఈ ఊరి కార్యదర్శి నాగేంద్ర పోయిన వారం జిల్లా మొత్తానికీ ఎర్రటి ముద్దలా కనిపించాడట. గొంతు కూడా రాలేదు. పెద్దసారు ఆయనకు గైర్హాజరు వేశాడు.

వెళ్లి చూస్తే నవ్వాపుకోలేకపోయాను. ఆయుధపూజ రోజు అటెండర్ ఉలిగప్ప కంప్యూటర్‌కు విభూతి గీతలు పెట్టి, సరిగ్గా కెమెరా కన్ను మీద కుంకుమ బొట్టు దిద్దాడు. మైకు రంధ్రంలో గంధం మెత్తాడు. ప్రింటర్ మెడలో బంతిపూల దండ ఇంకా ఎండుతోంది.

"ఏమప్పా ఉలిగప్పా, కన్ను మూసినావు, నోరు మూసినావు. ఏమి పూజప్పా ఇది?" అన్నాను.

"బొట్టు నడిమధ్యన పెట్టల్ల గదన్నా. నడిమధ్యన అదే ఉండాది," అన్నాడు.

దూదితో కెమెరా తుడిచాను. పిన్నుతో గంధం గీకాను. హలో హలో అని రికార్డు చేసి వినిపించాను. గొంతు గణగణలాడింది.

తలుపు పక్క బెంచీ మీద తిప్పమ్మ అనే ముసలావిడ కూర్చుని ఇదంతా చూస్తోంది. వాళ్ల వీధిలో కొళాయి పైపు పగిలి మురికి కాలవ నీళ్లు కలుస్తున్నాయి. నాలుగేళ్ల మనవరాలు ఆ నీళ్లు తాగి ఐదు రోజులుగా ఆస్పత్రిలో ఉంది. ఎన్నిసార్లు చెప్పినా నాగేంద్ర పట్టించుకోలేదు. ఇక పెద్దసారుకే చెప్పాలని పొద్దున్నే వచ్చి కూర్చుంది.

నాగేంద్ర నన్ను వరండాలోకి పిలిచాడు.

"కెమెరా బాగైంది, సంతోషం. మైకు మాత్రం కాలేదని చెప్పు."

"అయింది గద సార్?"

"పైపు రిపేరైపోయిందని రెండు వారాల కిందనే రాసి పంపినా. ఆయమ్మ నోరు తెరిస్తే నా ఉద్యోగం పోతాది. మ్యూట్ నొక్కి పెడతా. ఆఫీసు పనులన్నీ నీకే ఇస్తాండా గదప్పా, ఈ ఒక్క మాట చెప్పు."

చెడిపోయినదాన్ని బాగైందని చెప్పమన్నవాళ్లను చాలామందిని చూశాను. బాగైనదాన్ని చెడిందని చెప్పమన్నవాడు ఆయనొక్కడే. అయినా నేను వెళ్లి చెప్పాను.

"మైకు ఈ పొద్దు పలకదమ్మా."

తిప్పమ్మ నన్ను తేరిపార చూసింది. "ఇప్పుడే హలో హలో అంటివి గదప్పా. నా చెవులు బాగానే ఉండాయి."

సిగ్గేసింది. నా మీద నాకే కోపం వచ్చింది.

కాల్ మొదలైంది. నాగేంద్ర తల దువ్వుకుని తెర మీద పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు. మా వంతు రాగానే మైకు వైపు చూపించి, పాపం మూగవాడిలా చేతులు ఊపాడు. తిప్పమ్మ లేచి ఆయన పక్కన నిలబడింది. నేను కెమెరాను నాలుగు వేళ్లు పక్కకు జరిపాను. ఇద్దరూ తెరలో పట్టారు. కెమెరా పని నాదే కదా!

ఆవిడ సంచిలోంచి సీసా తీసింది. బురద రంగు నీళ్లు. టేబుల్ మీదున్న గ్లాసులో పోసి, రెండు చేతులతో మర్యాదగా కార్యదర్శికి అందించింది.

"నాగేంద్ర గారూ, ఆ నీళ్లేంటి?" స్పీకర్లో పెద్దసారు గొంతు. "మీ ఊరి కొళాయివేనా? తల ఊపండి చాలు."

తిప్పమ్మ ఊపింది. ఆ తర్వాత నాగేంద్ర కూడా కొంచెం ఊపాడు.

"పైపు బాగైందని మీరే రాశారు కదా. తాగండి, చూస్తాం."

తెర మీద చిన్న చిన్న గడుల్లో నలభై మంది కార్యదర్శులు కదలకుండా చూస్తున్నారు. వాళ్ల మైకులూ ఆరోజు పలకలేదు. నాగేంద్ర గ్లాసు నోటి దాకా తెచ్చాడు. వాసనకు ముక్కు ముడుచుకుపోయింది. దించాడు. మళ్లీ ఎత్తాడు. నా వైపు చూశాడు. నేను స్క్రూడ్రైవర్ తిప్పుతూ నిలబడ్డాను.

చివరికి ఆయన వేలే వెళ్లి మ్యూట్ తీసింది.

"సార్, ఈయమ్మ మాట్లాడాలంటాంది సార్," అన్నాడు. గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది.

తిప్పమ్మ కెమెరా ముందుకు వంగింది. పొద్దుట్నుంచీ దాచుకున్న తిట్లన్నీ ఇప్పుడు బయటికొస్తాయని నేను ఎదురుచూశాను.

"ముందు ఆయప్పను ఆ గ్లాసు కింద పెట్టమను సార్," అంది. "తాగితే ఆయప్పా మా పాప మాదిరే పడిపోతాడు."