వ్యానెక్కిన మోకాలి నొప్పి

సంచుల వ్యాను నడిపే కంపెనీ వాళ్లారా, తప్పు మీదే. మా ఓదెమ్మ మోకాలి నొప్పిని సూట్‌కేసుతో పాటు వ్యానెక్కించారు. నాలుగు రోజులు అది మాకంటే ముందే బసకు చేరింది, ఓదెమ్మ నాకంటే ముందు పోతోంది. నేను ఆమె మొగుణ్ని. బొగ్గుగనుల్లో ముప్పై నాలుగేళ్లు యూనియన్ పని చేసినవాణ్ని. బడికి పోలేదు, నోటీసు బోర్డుల మీద చదువు నేర్చుకున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, చదవండి.

ఐర్లాండు పడమటి తీరాన ఐదు రోజుల నడక. "ఒక్కసారన్న జెండా లేకుంట, పోలీసోళ్లు లేకుంట నడుద్దామయ్యా" అంది ఓదెమ్మ. పెళ్లయినప్పటి నుంచీ నన్ను అడిగింది ఇదొక్కటే. అందుకే వచ్చాం.

మొదటి ఉదయం బస ముందు వ్యాను ఆగుతుంది. డ్రైవరు పేరు ఫింటన్. ఎర్రగడ్డం, తెలుగు బాగా మాట్లాడతాడు. "బరువైనవన్నీ ఇచ్చెయ్యండి. సాయంత్రానికి తర్వాతి ఊళ్లో ఉంటాయి" అంటాడు. సూట్‌కేసును కాటాకు తగిలించి తూస్తాడు. తర్వాత ఓదెమ్మ ఎడమ మోకాలి కింద చెయ్యి పెట్టి, నొప్పిని తీసి అదే కొక్కేనికి తగిలిస్తాడు. నాలుగు కిలోలు. చీటీ కడతాడు. నేను సంతకం పెడతాను. బరువైనవన్నీ అన్నాడు కదా.

పోయే ముందు ఫింటన్ దారి కొసను బస గేటుకు తాడుతో గట్టిగా కడతాడు.

"అదెందుకు?"

"ఇక్కడ గాలి ఎక్కువండీ. కట్టకపోతే దారి సముద్రంలోకి జారిపోతుంది."

సబబుగానే ఉంది.

ఆ నొప్పి మా గనుల సమ్మె నాటిది. ఆ రోజు ఊరేగింపులో నేను ముందు, జెండాతో. ఆమె వెనక వరుసలో. లాఠీ వెనక వరుస మీద పడింది. ముందు నడిచేవాడు తిరిగి చూస్తే ఊరేగింపు ఆగిపోతుందని నా నమ్మకం. చూడలేదు.

ఇప్పుడు నొప్పి లేని ఓదెమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి నడుస్తోంది. రాతిగోడలు ఆమెను చూసి పక్కకు జరుగుతున్నాయి. నేను వచ్చేసరికి మళ్లీ కలుసుకుంటున్నాయి, ఎక్కి దూకాల్సి వస్తోంది. మధ్యాహ్నానికి ఆమె నాకంటే ఒక పొలమంత ముందుంది, సాయంత్రానికి ఒక గుట్టంత ముందుంది. ఆమె వీపు చూడటం నాకిదే మొదటిసారి. వీపుతో కూడా నవ్వుతోంది.

బసలో నొప్పి అప్పటికే నిప్పు దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది, గుమ్మడికాయంత. ఇంటామె బ్రీడా దానికి టీ పోస్తోంది.

"మంచిగున్నవా? చాయ్ తాగినవా?" అని ఓదెమ్మ దాన్ని పలకరిస్తుంది.

"నొప్పిని పలకరిస్తున్నవేందే?"

"ముప్పయ్యేండ్లు నా ఎంట నడిచింది. నీ లెక్క ముందు ఉరకలే. కూసోనియ్యి, అలిసింది."

రెండో రోజు ఆమె ఒక్కో అడుగుకు ఒక్కో పొలం దాటుతోంది. వీపున నీలిరంగు పూసుకున్న గొర్రెలు మేత మాని ఆమె వైపే చూస్తున్నాయి. వాన అడ్డంగా కురుస్తోంది.

"ఓదెమ్మా, ఆగే!" అని అరుస్తాను.

"నువ్వెన్నడన్న ఆగినవా?" అన్న మాట వానలో కొట్టుకొచ్చి నా చెవికి చల్లగా తగులుతుంది. అందులో కోపం లేదు. అదే నాకు కష్టంగా ఉంది.

మూడో రోజు నేను చేసిన పని కూడా రాస్తాను, దాచను. ఈ దారిలో మలుపు మలుపునా కొయ్య గుంజలున్నాయి. ప్రతి గుంజ మీదా ఒక పసుపురంగు మనిషి బొమ్మ, నడుస్తూ దారి చూపుతుంటాడు.

"డ్యూటీ ఎన్ని గంటలు?" అని ఒక బొమ్మ మనిషిని అడుగుతాను.

"ఎప్పుడూ" అంటాడు.

"వారానికి సెలవు?"

"అంటే ఏంటి?"

ఇది విని ఊరుకునే మనిషిని కాను. బండరాయి ఎక్కి మాట్లాడతాను. గుంజ గుంజకూ ఆగి మాట్లాడతాను. నాలుగో ఉదయానికి గుంజలన్నీ ఖాళీ. పసుపు మనుషులు గోడ వారన వరసగా కూర్చుని కాళ్లు ఒత్తుకుంటున్నారు. నా జీవితంలో ఇంత నిండు సమ్మె చూడలేదు.

"మా ఓదెమ్మ ఎటు పోయిందో చెప్పండయ్యా."

"అది డ్యూటీ కిందికి వస్తుంది కామ్రేడ్" అంటారు ముక్తకంఠంతో.

గొర్రెల్ని అడుక్కుంటూ సాయంత్రానికి బస చేరతాను. ఓదెమ్మ రాలేదు. ఆమె కుర్చీలో నొప్పి ఒక్కటే పడమటికి తిరిగి కూర్చుంది.

ఐదో ఉదయం ఫింటన్ వస్తాడు. "వ్యాను ఆమెను దాటగలదండీ. నొప్పిని మళ్లీ మోకాలికి తగిలిస్తే ఆగిపోతుంది. తగిలించమంటారా?"

ఆమె ఆగాలి. నాకు కావాల్సింది అదే. ఆ వీపు నవ్వడం గుర్తొస్తుంది.

"వద్దు. నాకు తగిలించు."

"చీటీ మీద ఆమె పేరుంది. కంపెనీ ఒప్పుకోదు."

నేనే తీసి నా ఎడమ మోకాలికి పెట్టుకుంటాను. మా మూడో అంతస్తు క్వార్టరుకు ఆమె మోసిన నీళ్ల బిందెలన్నీ ఒక్కసారిగా కాలిలోకి దిగుతాయి. నొప్పికి గుంజలతో పని లేదు. తల్లి దగ్గరికి దూడ పోయినట్టు నన్ను ఈడ్చుకుంటూ పడమటికి పోతుంది.

నేల అయిపోతుంది. దారి మాత్రం కొండ అంచు మీదుగా సముద్రంలోకి వేలాడుతోంది. దూరంగా నీళ్ల మీద ఓదెమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది. తిరిగి చూస్తోంది. నా నడక చూసి గుర్తుపడుతుంది.

"గట్ల కాదయ్యా! ఎక్కేటప్పుడు కుడికాలు ముందు పెట్టు. దిగేటప్పుడు ఎడమది."

అలాగే పెడతాను. అయినా నడక మెల్లగానే సాగుతోంది.

"నువ్వు ఆడనే ఉండు, నేనే చేదుకుంట" అంటుంది. దారి కొస అందుకుని, బావిలోంచి నీళ్లు చేదినట్టు చేదుతుంది. గుట్టలు, గోడలు, కెటిల్ పట్టుకున్న బ్రీడా, సమ్మెలో ఉన్న పసుపు మనుషులు, నేను, అందరం ఆమె వైపు జరుగుతున్నాం. లాగిన దారిని పక్కన చుట్టగా పేరుస్తోంది. దాని మడతల్లో గొర్రెలు అరుస్తున్నాయి. మా ఇద్దరి మధ్య ఇంకో పది బారలు ఉందనగా దారి బిగిసిపోతుంది.

కంపెనీ వాళ్లారా, చీటీ మీద ఆమె పేరు కొట్టేసి నా పేరు రాయండి. పసుపు మనుషులకు వారానికో రోజు సెలవివ్వండి. అన్నిటికంటే ముందు, ఇప్పుడే, మొదటి ఊరి బస గేటు దగ్గరికి పోయి ఫింటన్ కట్టిన ఆ ముడి విప్పండి. ఆమె చేదుతూనే ఉంది. చేతులకు నొప్పి పుట్టకముందే విప్పండి.