మొదటి తూటా చప్పుడు

పిస్టల్‌కి డబ్బా ఎంచుకోవడానికి వచ్చేవాళ్లు పిస్టల్ తెచ్చుకుంటారు. డార్లా కుక్కను కూడా వెంటబెట్టుకొచ్చింది.

డబ్బా అంటే సైలెన్సరే. బిగ్‌హార్న్ కొండల కింద గొర్రెల మందలున్న వాళ్లెవరూ దాన్ని ఇంకో పేరుతో పిలవరు. మందలు కొండ దిగి వచ్చాక ఏటా ఒక శనివారం, తుపాకుల కొట్టు డ్వేన్ ఊరి బయట ఎర్రమట్టి గుంటలో బల్ల వేసి డబ్బాలన్నీ పరుస్తాడు. ఎవరి తుపాకీకి వాళ్లు బిగించుకుని కాల్చి చూసుకోవచ్చు. చూసుకునే కొనాలి. సర్కారు కాగితాలు ఒకసారి మన పేరున పడ్డాక నచ్చలేదని వదిలించుకోవడం అంత తేలిక కాదు. "నాకు పెళ్లాలే సులువుగా వదిలారు," అంటాడు డ్వేన్, మూడో పెళ్లాం పక్కనుండగానే.

కిందటి వసంతంలో, గొర్రెలు ఈనుతున్న రోజుల్లో, పాకలోకి నక్క దూరింది. అప్పుడే పుట్టిన పిల్లను నోట కరుచుకోబోతుంటే, డార్లా మొగుడు వెస్ నడుముకున్న తొమ్మిది మిల్లీమీటర్ల పిస్టల్ తీసి కాల్చాడు. రేకుల పాక. నక్క అక్కడే పడింది గానీ, ఆ మోతకి వాళ్ల కుక్క టెస్ కంచె దూకి పరుగు లంకించుకుని అవతలి లోయ దాకా పోయింది. మందను మళ్లించే కుక్క లేక మొగుడూ పెళ్లాలు కాళ్లు అరిగేలా తిరిగారు. టెస్ దొరికింది. దొరికిందన్నమాటే గానీ, ఆనాటి నుంచి వెస్ చెయ్యి నడుము మీదికి పోతే చాలు, బండి కింద దూరుతుంది. వచ్చే వసంతంలోనూ ఇదే వరసైతే దాన్ని కాస్పర్ పట్నంలో ఉన్న తన అక్కకిచ్చేస్తానని వెస్ తెగేసి చెప్పాడు. అక్క మంచిదే. కానీ ఆమెది మూడో అంతస్తులో రెండు గదుల కాపురం. సీసాతో పాలు పట్టి పెంచిన కుక్క ఆ కిటికీలో కూర్చుని కార్లు లెక్కపెట్టుకోవడం డార్లా తలుచుకోలేకపోయింది.

అందుకని డబ్బా.

"ఇరవై రెండో నంబరు చిన్న తుపాకీ కొనుక్కోరాదూ? పిల్లి తుమ్మినట్టుంటుంది," అన్నాడు వరసలో నిలబడ్డ హోబర్ట్ ముసలాయన.

"కొండసింహం ఎదురైతే దాని మొహాన తుమ్మమంటావా పెద్దాయనా? రెండు తుపాకులు కట్టుకోవడానికి నాకున్నది ఒకటే నడుము," అన్నాడు వెస్.

తొమ్మిది మిల్లీమీటర్లకి సరిపోయేవి బల్ల మీద మూడున్నాయి. బొటనవేలంత ముద్దుగా, నల్లగా నిగనిగలాడే పొట్టిది ఒకటి. సొరకాయలా లావుగా పొడుగ్గా ఉన్నది ఒకటి. రెండింటికీ నడుమ, చూసినా గుర్తుండనిది ఇంకొకటి. వెస్ కన్ను పొట్టిదాని మీద పడింది. డ్వేన్ మాత్రం పొడుగుదాన్ని ముందుకు తోశాడు. "చప్పుడే నీ బాధైతే దీన్ని మించింది లేదు."

కాల్చడం వెస్ పని, అడగడం డార్లా పని అయింది.

"దీని కడుపులో ఏముంది డ్వేన్?"

డ్వేన్ ఒకదాన్ని విప్పి చూపించాడు. "గిన్నెలమ్మా. ఒకదాని వెనక ఒకటి. మధ్యన తూటా పట్టేంత కన్నం. తూటా వెనకాల తరుముకొచ్చే వేడిగాలి ఒక్కో గిన్నెలో చిక్కుకుని, దమ్ము తగ్గి, నింపాదిగా బయటికొస్తుంది."

"గొర్రెల్ని ఒకేసారి గేటు మీద పడకుండా దొడ్డి నుంచి దొడ్డికి మళ్లించినట్టా?"

"అదే. నా కొట్లో కూర్చో, నాకంటే బాగా అమ్ముతావు."

"మరి ఈ స్ప్రింగు?"

"పిస్టల్ గొట్టం కాల్చినప్పుడల్లా కాస్త తల వంచి లేస్తుంది. దాని ముక్కుకి ఇంత బరువు తగిలిస్తే మొరాయిస్తుంది. ఆ ఒక్క క్షణం బరువు దాని మీద పడకుండా కాస్తుందీ స్ప్రింగు. తూటా కూడా బరువైనదే వాడాలి, నెమ్మదిగా పోయేది. జోరుగా పోయేది గాల్లో కొరడా విదిల్చినట్టు మోగుతుంది. దాన్ని ఏ డబ్బా ఆపలేదు."

"సైలెన్సర్ కొనడానికొచ్చి ఇంత వాగే మనిషి నువ్వొక్కదానివే," అన్నాడు వెస్.

"నీ పిస్టల్‌కి చూసుకున్నాక నాకొకటి చూద్దువుగానిలే."

పొద్దుటి నుంచి ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి డబ్బాలు తిరుగుతూనే ఉన్నాయి. చఫ్, చఫ్ మంటూ పుస్తకం నేల మీద పడ్డట్టు చప్పుడు. వెస్ పొట్టిదాంతో వరసగా కాల్చి, "ఇది చాల్లే, దీనికి భయపడితే అది కుక్కే కాదు," అనేశాడు. టెస్ ఏమంటుందో ఇంకా తెలీదు. ఆ గోల వినపడకుండా డార్లా దాన్ని మలుపు దాటాక, బండిలో అద్దాలెత్తి పడుకోబెట్టింది.

మధ్యాహ్నం డ్వేన్ పెళ్లాం చిక్కుళ్లూ మాంసం వేసి వండిన చిల్లీ గిన్నె మూత తీసింది. తుపాకులు బల్లెక్కాయి. తిని, కబుర్లాడి, ఎండలో కాళ్లు చాపుకున్నాక హోబర్ట్ లేచి పొడుగు డబ్బా బిగించి కాల్చాడు.

ఫట్!

డార్లా చెంచా నోటి దగ్గర ఆగిపోయింది. వెంటనే వచ్చిన రెండోది చఫ్ మంది. మూడోదీ చఫ్.

"అదేంటి డ్వేన్, మొదటిది అలా మొరిగిందేం?"

"చల్లారిన డబ్బాకి మొదటి దెబ్బ కాస్త గట్టిగానే ఉంటుందమ్మా. లోపల గాలి ఉంటుంది కదా, మిగిలిన మందు ఆ గాలికి అంటుకుని మండుతుంది. ఒకసారి మండాక లోపల గాలుండదు, పొగే. ఇక అన్నీ మెత్తగా వస్తాయి. ఒక్కటే కదా, ఎవరూ పట్టించుకోరు."

డార్లా మొగుడి వైపు తిరిగింది. "పాకలో నక్కని ఎన్నిసార్లు కాల్చావు?"

"ఒక్కసారే. నా గురి నీకు తెలీదూ?"

"మరి పొద్దుటి నుంచి మనం విన్నదేంటి?"

వరసలో వాళ్లు చెవికప్పులు ఎత్తి మరీ చూశారు. డ్వేన్ తల గోక్కున్నాడు. ఏళ్ల తరబడి వేడెక్కిన డబ్బాలు చూపించి అమ్ముతున్నాడు. ఇది అడిగినవాళ్లు లేరు.

జనం పల్చబడేదాకా ఆగారు. మూడు డబ్బాల్నీ విప్పి, గాలి ఆడేలా నీడలో పెట్టాడు డ్వేన్. అప్పుడు డార్లాకి ఇంకో చిక్కు తట్టింది. టెస్‌ని తెచ్చి మూడూ వినిపిస్తే సరిపోదు. మొదటిదానికి బెదిరితే ఆ తర్వాతిది ఎంత మెత్తనిదైనా ఒకటే. కుక్క తీర్పు ఒక్కసారే దొరుకుతుంది.

"ముందు నేను వింటాను. నువ్వెళ్లి టెస్ దగ్గర కూర్చో," అంది.

"నేను వినకుండానే తేలుస్తావా?"

"నీ చెవుల్ని ట్రాక్టరు ఎప్పుడో తినేసింది. వెళ్లు."

పాకలో టెస్ నిలబడేంత దూరంలో కంచె పట్టుకుని, వీపు తిప్పి నిలబడింది డార్లా. ఏది ముందో చెప్పొద్దంది. డ్వేన్ ఒక్కోదాంతో ఒక్కసారి కాల్చాడు. మొదటిది చెంప మీద కొట్టినట్టుంది. రెండోది తలుపు గాలికి పడ్డట్టుంది. మూడోది మళ్లీ ఫట్ మంది.

"రెండోది," అంది తిరిగి.

డ్వేన్ చేతిలో ఉన్నది ఎవరికీ గుర్తుండని ఆ నడిమి డబ్బా. "నేను పొడుగుదంటావనుకున్నా," అన్నాడు. పొడుగుదాన్ని తిప్పి తిప్పి చూశాడు. "కడుపు పెద్దది. గాలీ ఎక్కువే పడుతుందిగా మరి."

అది మళ్లీ చల్లారాక వెస్ బండి తీసుకొచ్చాడు. టెస్ దిగింది. దుమ్ము వాసన చూసింది, డార్లా మోకాలికి ఆనుకుంది. డార్లా మెడపట్టీ పట్టుకోలేదు. పట్టుకుంటే ఏమీ తెలీదు. వెస్ దూరంగా నడిచివెళ్లి, ఇటు చూడకుండా మట్టిగట్టు మీదికి ఒకటి కాల్చాడు.

టెస్ ఎగిరిపడి పరుగెత్తింది. బండి దాకా పోయి, చక్రం దగ్గర తల వంచి, అలాగే ఆగిపోయింది కుక్క. చెవులు వెనక్కి, ముందుకి, మళ్లీ వెనక్కి. ఎవరూ కదల్లేదు. టెస్ మెల్లగా తిరిగింది. నేలకి ఆనుతూ, గొర్రెల మీదికి పోయేటప్పుడు వేసే అడుగులే వేసుకుంటూ, డార్లాను దాటి వెస్ దాకా పోయింది. గడ్డిలో పడ్డ తూటా తొడుగుని మూతితో దొర్లించి, తుమ్మి, ఆయన మొహంలోకి చూసింది, ఇదేంటన్నట్టు.

"ఇంకోటి కొట్టు వెస్," అని కేకేశాడు డ్వేన్. "వేడెక్కింది కదా, ఇప్పుడు ఇంకా మెత్తగా వస్తుంది."

"వద్దు," అంది డార్లా. "మాకు రెండో దెబ్బ ఉండదు."

వెస్ పిస్టల్ ఖాళీ చేసి నడుముకి పెట్టుకున్నాడు. టెస్ ఆ చేతినే చూస్తూ అక్కడే నిలబడింది.

"మా అక్కకి నువ్వే ఫోన్ చేసి చెప్పు."

"ఏమని?"

"వేరే కుక్కని చూసుకోమని."