పర్మిట్ ఉన్న గొంతు

రోజూ మధ్యాహ్నం వజీరాబీ బార్ హాలు తుడిచేది. కుర్చీలు బల్లల మీదికి ఎత్తి, రాత్రి ఒలికిన బీరు జిగురు వదిలేదాకా నేల రుద్ది, తర్వాత గ్లాసులు కడిగేది. చేతులు పనిలో ఉంటే నోరు ఊరుకోదు కదా. రాయచోటి పక్క పల్లెల్లో చెనిక్కాయలు వలుస్తూ ఆడవాళ్ళు పాడుకునే పాటలు తీసేది. ఆమె వెళ్ళిపోయాక కూడా పాట హాల్లోనే ఉండేది, తాళింపు వాసన ఇంట్లో ఉండిపోయినట్టు. తెల్లారేసరికి తలుపు సందులోంచి నెమ్మదిగా వచ్చి ఆమె గొంతులో చేరేది. అందాకా మాట కాస్త బొంగురుగా ఉండేది, అంతే. గల్ఫ్‌లో, రాస్ అల్ ఖైమాలోని ఆ చిన్న హోటల్లో దీన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. ఏసీ నీళ్ళు కారడం ఎలాగో ఇదీ అలాగే.

హోటలు బస్సు నడిపే ఇమామ్ హుస్సేన్ ముందు ఆ పాటను ప్రేమించాడు. ఆమెను తర్వాత చూశాడు. మొగుడు పోయినదానితో నీకేం పనని ఆమె అడిగితే నవ్వాడు.

"నీ మొగం చూడకముందే నీ పాట విన్నా వజీరా. ఆ పొద్దే అయిపోయింది నా పని."

సముద్రం ఒడ్డున ఆ మాట వింటుంటే ఒళ్ళంతా వెన్నెల పూసినట్టుంది ఆమెకు. కానీ లోపల ఎక్కడో చిన్న ముల్లు. ముందు పాట, తర్వాత నేను.

గురువారం సాయంత్రాలు క్వారీల నుంచి మనవాళ్ళు వచ్చేవాళ్ళు. స్టేజీ మీద ఎవరూ ఉండరు, పాట ఉంటుంది. గ్లాసులు పక్కనబెట్టి కళ్ళు తుడుచుకునేవాళ్ళు. మేనేజరు రాధాకృష్ణకు ఇది బాగా కలిసొచ్చింది. పాడే మనిషికి ఫొటో అంటించిన పర్మిట్ కావాలి, క్యాసెట్టుకు అక్కర్లేదు. ఇది మనిషీ కాదు, క్యాసెట్టూ కాదు.

ఒక గురువారం తనిఖీకి అరబ్బు అధికారి వచ్చాడు. పాట ఆపమన్నాడు. కరెంటు తీశారు. ఫ్రిజ్ ఆగింది, ఏసీ ఆగింది. చీకట్లో పాట ఒక చరణం ముగించి, ఊపిరి తీసుకుని, ఇంకోటి ఎత్తుకుంది. ఆయన కోప్పడలేదు. ఊపిరి తీసుకునేది ఏదైనా సరే, దానికి పర్మిట్ ఉండాలన్నాడు. లేకపోతే హాలుకు తాళం, ఆ గొంతు ఎవరిదో వాళ్ళకు ఊరి టిక్కెట్టు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

రాధాకృష్ణ కాగితాలు తెచ్చి షరతులు తెలుగులో చెప్పాడు. పర్మిట్ ఉన్న గొంతు ఈ హాల్లో తప్ప ఇంకెక్కడా వినబడకూడదు. గడువు పెంచేటప్పుడు ఆ గొంతే ఒప్పుకోవాలి.

"మూడు నెలలేనమ్మా. సంతకం పెట్టేయ్, ఖలాస్. నిన్నింక ఎవడూ పంపడు."

"బయట మాట్లాడొచ్చు కదా సార్?"

"మాట్లాడకుండా ఎలా ఉంటావ్? ఆ రూలు పాటకి."

వజీరాబీ సంతకం పెట్టింది. పర్మిట్‌ను గోడకు మేకు కొట్టి తగిలించిన మర్నాడు తెల్లారింది గానీ గొంతు రాలేదు. ఆమె తలుపు బార్లా తీసి నిలబడింది. పాట గడపదాకా వచ్చి, కొత్త మనిషిని చూసిన కుక్కలా వెనక్కి మళ్ళింది. ఆ రోజు నుంచి ఆమె వంటింట్లో నోరు కదిపితే మాట హాల్లో పలికేది. తువ్వాలు ఇయ్యమని అడిగితే, పాట మధ్యలో అది విని క్వారీవాళ్ళు వాహ్వా అనేవాళ్ళు.

ఇమామ్ హుస్సేన్ మొదట్లో ఆమె పక్కన కూర్చుని ఇద్దరి మాటలూ తనే మాట్లాడేవాడు. రానురాను హాల్లో పాట దగ్గర కూర్చోవడం ఎక్కువైంది. "నువ్వు ఆడనే కదా ఉండావు," అనేవాడు.

పర్మిట్ గడువు ఒక శుక్రవారం పొద్దుగూకేసరికి తీరుతుంది. ఆ వేళకే, హాలు వెనక పనివాళ్ళ గదిలో నిఖా పెట్టుకున్నారు. ఇంక పెంచొద్దని ఆమె చేతులతో సైగ చేస్తే రాధాకృష్ణ తలూపాడు.

ఖాజీ సాబ్ వచ్చి కూర్చున్నాడు. కన్నెపిల్లయితే ఊరకుండటమే ఒప్పుకోలు, ఒకసారి పెళ్ళయినదానికి నోటితో చెప్పక తప్పదన్నాడు. తలూపితే చాలదా అని ఎవరో అడిగారు.

"మూగదానికైతే చాలు. ఈ బిడ్డ మూగది కాదు. అదిగో, పాట వినబడతానే ఉంది కదా."

పొద్దు దిగింది. గోడ అవతల పాట ఆగింది. వజీరాబీ గొంతులో వెచ్చగా ఏదో కదిలింది. ఖాజీ అడిగాడు. ఆమె పెదాలు కదిలాయి.

"ఖుబూల్."

గోడ అవతల పలికింది. మళ్ళీ అడిగితే మళ్ళీ అక్కడే. మూడోసారీ అక్కడే, ఇంకా తియ్యగా.

ఖాజీ పుస్తకం మూశాడు. "ఇక్కడ పలకలేదు బేటీ. అక్కడ ఎవరికి పలికిందో."

ఇమామ్ హుస్సేన్ పూలదండతోనే హాల్లోకి పరుగెత్తాడు. ఆమె గుమ్మం దగ్గర ఆగిపోయింది. లోపల రాధాకృష్ణ ఒక్కడే ఉన్నాడు, చేతిలో కొత్త పర్మిట్.

"ఇప్పుడే అడిగానయ్యా, ఇంకో ఏడాది ఉంటావా అని," అన్నాడు, చూపు నేల మీద పెట్టి. "మూడుసార్లు ఒప్పుకుంది."

కొత్త కాగితం మేకుకు ఎక్కింది. పాట ఊపిరి తీసుకుని మొదలైంది. ఇమామ్ హుస్సేన్ కొట్టడానికి ఎత్తిన చెయ్యి మెల్లగా దించాడు. ముందు వరసలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

గుమ్మంలోంచి వజీరాబీ అతన్ని పేరు పెట్టి పిలిచింది. చరణానికీ చరణానికీ మధ్య ఆ పేరు స్టేజీ మీద వినబడింది.

అతను స్టేజీ వైపే చూస్తూ, "ఈడనే ఉండా వజీరా," అన్నాడు.